పార్కు నుంచి రమ్మంటే నేల మీద పడి ఏడుస్తున్నాడు

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. సాయంత్రం పార్కుకి వెళ్లేటప్పుడు ఎంత హుషారో, ఇంటికి రమ్మంటే అంత గొడవ. ‘ఇంకో ఐదు నిమిషాలు’ అని మూడు నాలుగుసార్లు చెప్పి, చివరికి ఎత్తుకుంటే కొడతాడు, కిందపడి దొర్లుతాడు. అందరూ చూస్తుంటే తల కొట్టేసినట్టు ఉంటోంది. ఫోన్ చేతిలో పెట్టి తెస్తున్నాను. గారాబం చేసి మొండివాణ్ణి చేశానని అత్తగారు అంటున్నారు. ‘బూచాడొస్తాడు’ అని ఆవిడ భయపెడతారు. పార్కు అంటేనే టెన్షన్ వస్తోంది.
– ఓ తల్లి, వరంగల్

సలహా: మీ బాబు మొండివాడు కాదమ్మా. జారుడుబల్ల మీద వాడికి దొరికే సంతోషం ఎంత పెద్దదో, అది అయిపోతోందన్న బాధ కూడా అంత పెద్దది. ఆ బాధను ఆపుకునే శక్తి ఈ వయసుకి రాదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగాలంటే ఇరవై ఏళ్లు దాటాలి. రెండు మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఈ మారాం మామూలే. మీ పెంపకంలో లోపం ఉందని కుమిలిపోకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ ‘ఐదు నిమిషాలు’. రెండున్నరేళ్ల పిల్లవాడికి నిమిషం అంటే తెలియదు. పైగా మీరు ఆ మాట అన్న మూడుసార్లూ ఆట సాగింది. నాలుగోసారి మాత్రం ఎత్తేసుకున్నారు. వాడి వైపు నుంచి చూడండి, చెప్పాపెట్టకుండా లాక్కెళ్లినట్టే ఉంటుంది.

అందుకని నిమిషాలు మానేసి లెక్క చెప్పండి. బెంచీ మీద నుంచి కేకేస్తే ఆటలో మునిగినవాడి చెవికెక్కదు. దగ్గరికెళ్లి, వాడి ఎత్తుకి కూర్చుని, ‘ఇంకా మూడుసార్లు జారి ఇంటికెళ్దాం’ అనండి. ప్రతిసారీ పైకే లెక్కపెట్టండి. మూడోది ఆఖరిదని ముందే చెప్పండి. ఆ తర్వాత నాలుగోది లేదు. వాడు బతిమాలినా, పక్కింటావిడతో మీ కబుర్లు పూర్తికాకపోయినా సరే. ఒకరోజు ఏడుపు చూసి ఇంకాసేపు వదిలి, మరోరోజు వదలకపోతే ఏడుపే పెరుగుతుంది. ఏ రోజు పనిచేస్తుందో తెలియదు కాబట్టి రోజూ ఏడ్చి చూస్తాడు.

లెక్క అయ్యాక ‘ఉయ్యాలా, టాటా! రేపొస్తాం’ అని వాడిచేతే చెప్పించండి. వెంటనే ఒక పని అప్పగించండి. బంతి మోయడమో, గేటు తోయడమో ఏదైనా పర్లేదు. ‘ఇంటికెళ్దాం’ అంటే వాడికి పోయేది మాత్రమే కనిపిస్తుంది. ‘గేటు నువ్వే తీయాలి’ అంటే ముందున్నది కనిపిస్తుంది. ‘వస్తావా?’ అని మాత్రం అడగకండి, రానంటాడు. ‘నడుస్తావా, ఎత్తుకోనా?’ అని అడగండి.

ఇన్ని చేసినా మొదట్లో ఏడుస్తాడు. ఎత్తుకుని, ‘ఇంకా ఆడాలని ఉంది కదూ’ అని మెల్లగా ఒక్కసారి అని నడవండి. కొడితే చేయి పట్టుకుని ‘కొట్టకూడదు’ అంటే చాలు, ఆ ఏడుపులో ఇంకే పాఠమూ ఎక్కదు. చుట్టూ చూసేవాళ్లలో చాలామంది ఇవన్నీ దాటొచ్చినవాళ్లే.

ఫోన్ అలవాటు ఇప్పుడే ఆపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఈ వయసులో స్క్రీన్ చూసే సమయం రోజుకి గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. గంట లెక్క అలా ఉంచినా, ఏడ్చిన ప్రతిసారీ ఫోన్ ఇస్తే, బాధ కాసేపటికి దానంతటదే తగ్గుతుందని వాడు ఎప్పుడు తెలుసుకుంటాడు?

ఆకలి, నిద్ర కూడా చూసుకోండి. వెళ్లే ముందు ఒక అరటిపండు పెట్టండి. నిద్రవేళ దగ్గరపడకముందే తిరిగి వచ్చేయండి. పగటి కునుకుతో కలిపి ఈ వయసుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి.

ఏడుస్తూ తల నేలకేసి కొట్టుకున్నా, ఊపిరి బిగబట్టి నీలంగా మారినా, వయసుకు తగ్గ మాటలు రాకపోయినా పిల్లల డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం ‘రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం’ కింద జిల్లాల్లో నడిచే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే) కేంద్రాల్లో ఇలాంటి పరీక్షలు ఉచితంగా చేస్తారు.

ఇక మీ అత్తగారు. బూచాడి భయంతో వాడు కదలొచ్చు, కానీ ఆ భయం రాత్రి పడుకునేటప్పుడూ వెంటే ఉంటుంది. ఆవిడతో వాదించకండి, ఆవిడని మీ పనిలో కలుపుకోండి. రేపు ఆఖరిసారి జారాక రాలిన పువ్వో ఆకో వాడితో ఏరించి, ‘నానమ్మకి ఇద్దాం పద’ అనండి. మీరొచ్చే వేళకి గుమ్మంలో నిలబడి, ‘నాకేం తెచ్చావురా నాన్నా?’ అని అడగమని ఆవిడకి ముందే చెప్పి ఉంచండి.