వేసవి ఇంటికి స్వెటర్ తొడక్కు

అమ్మలూ,

మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ తీరాన, వెల్‌ఫ్లీట్‌లో ఉన్న మీ అత్తగారివాళ్ళ బీచ్ కాటేజీని నేషనల్ రిజిస్టర్‌లో, అంటే అమెరికా చారిత్రక కట్టడాల జాబితాలో, చేర్పించాలనుకుంటున్నావనీ, నామినేషన్ నువ్వే రాస్తానన్నావనీ మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. అదే ఊపులో, "కిటికీలన్నీ మార్పించి చలికాలంలో కూడా ఉండేలా చేయిస్తారట" అంది. ఇక నాకు నిద్రెక్కడిది?

సులువైనవి ముందు చెప్పేస్తాను. మసాచుసెట్స్ హిస్టారికల్ కమిషన్‌కి మొదట ఇన్వెంటరీ ఫారం పంపు. అర్హత ఉందో లేదో వాళ్ళే చెబుతారు. ఉంటే నామినేషన్ రాసే 10-900 ఫారం, రాష్ట్ర రివ్యూ బోర్డు, ఆపైన వాషింగ్టన్. ఇల్లు నలుగురు తోబుట్టువుల పేర ఉంటే వాళ్ళని ముందే కూర్చోబెట్టి మాట్లాడు. యజమానుల్లో ఎక్కువమంది కాదంటే ఇల్లు రిజిస్టర్‌లోకి ఎక్కదు. పన్ను రాయితీ వస్తుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టకు. ఆ 20 శాతం రాయితీ ఆదాయం తెచ్చే భవనాలకే, సొంతానికి వాడుకునే ఇంటికి రాదు. 1978కి ముందరి రంగు గీకే ముందు సీసం పరీక్ష చేయించు. అంతే.

ఇక ఆ ఫారంలో ఎనిమిదో సెక్షన్. ఆ ఇల్లు ఎందుకు ముఖ్యమో చెప్పేది అక్కడే. నీకు అత్తవారి మీద ప్రేమ ఎక్కువ కదా, మీ మామగారి తండ్రి ఎంత గొప్పవాడో అని పేజీలకి పేజీలు రాస్తావని నా భయం. రాయకు. మనిషి గొప్పతనానికి 'బి' ప్రమాణం ఉంది, మీ ఇల్లు దానికి నిలవదు. మీది 'సి', అంటే డిజైన్. వీలైతే 'ఎ' కూడా, అంటే ఆ తీరం కథ.

ఆ కథ గట్టిదే. 1940లలో ఆర్కిటెక్ట్ సెర్జ్ చెర్మయెఫ్ అక్కడి పైన్ చెట్ల మధ్య చెరువుగట్టున చోటు కొన్నాడు. 1949లో ఇంకో ఆర్కిటెక్ట్ మార్సెల్ బ్రాయర్ స్తంభాల మీద నిలబెట్టిన పొడుగాటి ఇల్లు కట్టుకున్నాడు. యూరప్ నుంచి వచ్చిన ఈ పెద్దల పక్కనే జాక్ హాల్ లాంటి వాళ్ళున్నారు. ఆర్కిటెక్చర్ చదవకపోయినా 1962లో హాచ్ కాటేజీని గీసినవాడాయన: గళ్ళుగళ్ళుగా పేర్చిన గదులు, మధ్యలో ఆకాశానికి తెరిచిన డెక్కులు. వాడిన సామానంతా చవకదే. ప్లైవుడ్, చెక్కపీచును ఒత్తి చేసిన మేసొనైట్, కాగితపు గుజ్జును ఒత్తి చేసిన హోమసోట్ బోర్డు.

మీ ఇంటి పని ఎప్పుడు మొదలైందో కాగితంతో సహా పట్టుకో. 1961 ఆగస్టు 7న కెనడీ సంతకంతో ఆ తీరం నేషనల్ సీషోర్, అంటే ప్రభుత్వం కాపాడే జాతీయ పార్కు, అయింది. 1959 సెప్టెంబరు 1కి ముందు మొదలైన ఇళ్ళకు ఒక న్యాయం, తర్వాతవాటికి ఇంకొకటి. తర్వాతవాటిలో చాలా ఇళ్ళు పార్కు చేతికి పోయాయి. పాత యజమానులు ఉండేందుకిచ్చిన గడువు తీరాక కొన్ని ఖాళీగా పడి ఉండి కుళ్ళాయి. 2007లో కేప్ కాడ్ మోడర్న్ హౌస్ ట్రస్ట్ మొదలయ్యాకే కొన్నిటికి మళ్ళీ ప్రాణం వచ్చింది. వాళ్ళు బాగుచేసిన ఇళ్ళు వెళ్ళి చూడు, చూరు అంచును చేత్తో తడిమి చూడు.

ఇంకోటి, 'బ్రాయర్ గీసిచ్చాడట' అన్న ఇంటి కబురును నమ్మి రాయకు. డ్రాయింగో ఉత్తరమో బిల్లో ఉంటేనే రాయి. లేకపోతే స్థానిక వడ్రంగి పనితనం అని రాయి, అది తక్కువేం కాదు.

ఇప్పుడు కిటికీల సంగతి. తిడుతున్నానని అనుకోకు. అనుకున్నా ఫరవాలేదు.

ఈ రకం ఇళ్ళలో తరచుగా జరిగే తప్పు ఒక్క కిటికీతోనే మొదలవుతుంది. గుంజ 4×4 అంటారు గానీ కొలిస్తే 3½ అంగుళాలే. పావు అంగుళం అద్దాన్ని ఫ్రేము లేకుండా నేరుగా గుంజకే ఆనించి, రెండు వైపులా సన్నని బీడింగ్ కొట్టి ఉంటారు. దాని బదులు డబుల్ గ్లాస్ పెట్టాలంటే ముప్పాతిక నుంచి అంగుళం మందం. గాడి చాలదు. గుంజకి పక్క చెక్కలు వేస్తారు, 3½ కాస్తా 6 అవుతుంది. ఇంటి సన్నదనం పోతుంది. అద్దం బిగించాం కదా, పైకప్పుకీ ఇన్సులేషన్ వేద్దాం అంటారు. పైన కనబడే చెక్కల కిందే దాన్ని నింపి జిప్సం బోర్డుతో మూసేస్తారు. అసలు ముప్పు అదే. లోపలి వెచ్చని తడిగాలి ఏ సందులోంచో పైకెక్కి, చల్లని చెక్కకి తగిలి నీరవుతుంది. ఇదివరకు ఆ చెక్క తడిసినా ఆరేది. ఇప్పుడు పైన రూఫింగ్, కింద బోర్డు, ఆరే దారే లేదు. కొన్ని చలికాలాలకే దూలం కొసలు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగిపోతాయి. ఆఖరికి దోమతెర వేసిన వరండాకి (స్క్రీన్ పోర్చికి) గోడలు కట్టి గది చేస్తారు. రిజిస్టర్ చూసే ఏడు గుణాల్లో డిజైన్, సామగ్రి, పనితనం మూడూ ఒక్క దెబ్బకి పోతాయి. నామినేషన్ వెనక్కి వస్తుంది. అలాంటి మార్పులకి ఒకప్పుడు నేనూ సంతకం పెట్టినదాన్నే, అందుకే ఇంత గొడవ.

పెళ్ళి పందిరికి ఎవరైనా ప్లాస్టరింగ్ చేయిస్తారా? ఆ ఇల్లు వేసవి కోసం వేసిన పందిరి. పల్చగా, చవగ్గా, గాలి ఆడేలా కట్టడమే ఆ ఇంటి చరిత్ర. అదే రాయి, దాన్నే కాపాడు.

చలి భరించలేమంటే లోపలివైపు, తీసి దాచుకునేలా, అక్రిలిక్ పలకలు బిగించండి. కప్పుకి ఇన్సులేషన్ తప్పదంటే చెక్కల పైన గట్టి బోర్డు పరచాలి, దాన్ని చూరు అంచుకి రెండడుగుల ఇవతలే ఆపి ఏటవాలుగా తగ్గించాలి. కింద నుంచి చూసేవాళ్ళకి అంచు పాత మందంలోనే కనబడాలి. ఏం చేసినా నీటి వాలు అడుగుకి పావు అంగుళం తగ్గకూడదు. స్క్రూలన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. మామూలు మేకు కొడితే దేవదారు చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లని చారలు కారతాయి. వెండిరంగుకి తిరిగిన చెక్కకి పాలిష్ పెట్టకండి.

ఏ మేకూ పీకకముందే ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ ఫొటో తీసిపెట్టు. గుంజల కొలతలు ఒక నోట్‌బుక్‌లో వేసి నాకు పంపు, నేను చూస్తాను. నువ్వు రాసింది కూడా పంపు, ఎర్ర పెన్ను సిద్ధంగా పెట్టుకున్నాను. చిన్నప్పుడు నీ లెక్కల పుస్తకం దిద్దినట్టే దిద్దుతాను, ఏడవకూడదు.

ఫిబ్రవరిలో ఒక్కదానివే వెళ్తున్నావట. పైపుల్లో నీళ్ళు ఖాళీ చేశారో లేదో చూడు, సింకు కింది పైపు వంపులో గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ ఉందో లేదో అడుగు. గ్లవ్స్ రెండు జతలు పట్టుకెళ్ళు. ఒకటి తప్పక తడుస్తుంది.

పెద్దమ్మ