వాలెన్సియాలో కారు నడపబోయే మా అమ్మడికి

అమ్మడూ,

అల్లుడుగారు కారు తీసుకుంటున్నారని అక్క నిన్న ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి నడిపిన దానివి, నీకు భయం లేదని నాకు తెలుసు. అయినా స్పెయిన్‌కొచ్చి 18 ఏళ్లయిన పిన్నిగా కొన్ని మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు లైసెన్స్ సంగతి. రెసిడెన్సీ వచ్చాక మన ఇండియా లైసెన్స్ ఆరు నెలల వరకే పనికొస్తుంది. ఆ తర్వాత దాన్ని ఇక్కడి లైసెన్స్‌గా మార్చి ఇవ్వరు, కొత్తగా పరీక్ష పాస్ కావాల్సిందే. కాబట్టి ఈ నెలలోనే డ్రైవింగ్ స్కూల్లో చేరు. రాతపరీక్షలో 30 ప్రశ్నలుంటాయి, మూడు తప్పులకు మించకూడదు. ఇంగ్లీషులో కూడా రాయొచ్చు. ఆటోమేటిక్ కారు మీద టెస్ట్ ఇస్తే లైసెన్స్ కూడా ఆటోమేటిక్‌కే ఇస్తారు. నా మాట విని గేర్ల కారు మీదే నేర్చుకో.

దరఖాస్తులో ఇంటిపేరు గళ్లు రెండుంటాయి, చూసి కంగారుపడకు. ఇక్కడ అందరికీ తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి ఉంటాయి. ఆడవాళ్లకు పెళ్లయినా అవి మారవు. నీకు ఒక్కటే కదా, రెండోది ఖాళీగా వదిలెయ్. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో లైసెన్స్‌లోనూ, ఇన్సూరెన్స్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన ఇంటిపేరు ముందు రావడం, వెనక్కి పోవడం వల్ల నేను ఆఫీసుల చుట్టూ మూడు నెలలు తిరిగాను.

డ్రైవింగ్ టెస్ట్ నేను మొదటిసారి తప్పాను. ఎందుకు తప్పానో నీకు చెప్పాలి. ఒక సందు చివర జీబ్రా క్రాసింగ్ ఉంది. ఒక ముసలావిడ చక్రాల సంచి లాక్కుంటూ వచ్చి ఫుట్‌పాత్ అంచున నిలబడి, కాలు కిందికి దించబోతోంది. మన దగ్గరైతే ఆవిడే ఆగుతుంది కదా, నేనూ ఆ లెక్కలోనే ముందుకు పోనిచ్చాను. పక్క సీట్లో ఉన్న మాస్టారు టక్కున బ్రేక్ తొక్కారు. వెనక సీట్లో పరీక్ష పెట్టేవాళ్లు ఏదో రాసుకున్నారు. ఇంకేముంది, టెస్ట్ అక్కడితో అయిపోయింది. ఆవిడ మాత్రం నా కారు వైపు చూడను కూడా లేదు. ఆగుతుందనే నమ్మకంతో నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఇప్పటికీ జీబ్రా కనబడితే చాలు, నా కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది.

సైకిళ్లూ అంతే. దాటేటప్పుడు కనీసం మీటరున్నర దూరం ఉంచాలి. ఊళ్లో వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి లేన్ ఉన్న వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లే. మన లారీల వెనక హారన్ కొట్టమని రాసి ఉంటుంది, ఇక్కడ ప్రమాదం తప్పించడానికి తప్ప కొట్టకూడదు. ఫోన్ చేత్తో పట్టుకుని నడిపావా, 200 యూరోలు, ఆరు పాయింట్లు పోతాయి. కొత్త లైసెన్స్‌కు ఇచ్చేదే ఎనిమిది పాయింట్లు. ఫైన్ పడితే 20 రోజుల్లోపు కట్టెయ్, సగమే పడుతుంది.

రౌండబౌట్లో లోపలి లేన్ నుంచి నేరుగా బయటికి కొయ్యకు. కుడి చివరి లేన్‌లోకి రాలేకపోతే ఇంకో చుట్టు తిరుగు. వెనకవాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ.

దారిలో కారు ఆగిపోతే రోడ్డు మీదికి దిగి హెచ్చరిక త్రికోణాలు పెట్టే పద్ధతి పోయింది. 2026 జనవరి 1 నుంచి వి-16 అనే హెచ్చరిక దీపం తప్పనిసరి. కిటికీలోంచి చెయ్యి చాపి కారు పైన పెట్టెయ్యొచ్చు. నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయ్యే రకమే చెల్లుతుంది, చూసి కొను.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదువు. 2024 అక్టోబర్ 29న ఇక్కడ వరద వచ్చింది. పక్కనే ఉన్న పైపోర్తాలో ఆరోజు చెప్పుకోదగ్గ వానే లేదు. ఎగువన కురిసిన నీళ్లు పోయో వాగులోంచి ఊరి మీద పడ్డాయి. ఫోన్లకు హెచ్చరిక వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటింది, అప్పటికే వీధులు మునిగాయి. ఈ జిల్లాలో 220 మందికి పైగా పోయారు. వాళ్లలో కారు బయటికి తీద్దామని సెల్లార్‌లోకి దిగినవాళ్లూ ఉన్నారమ్మా. మీ అపార్ట్‌మెంట్‌లో కూడా పార్కింగ్ భూమి కిందే ఉందని అక్క చెప్పింది. ఎర్ర హెచ్చరిక వచ్చిందంటే కారు జోలికి వెళ్లొద్దు. పైఅంతస్తులోనే ఉండండి. కారు కొట్టుకుపోతే పోనీ. అల్లుడుగారికి కూడా ఈ ముక్క చదివి వినిపించు.

ఆదివారం ఇద్దరూ మా ఇంటికి రండి. అల్బుఫేరా సరస్సు పక్కనున్న రోడ్డు మీదుగా ఎల్ పాల్మార్ అనే ఊరి దాకా వెళ్దాం. అక్కడ రెండు పక్కలా వరి మళ్లే. నీళ్లు పెట్టి ఉన్నప్పుడు చూస్తే కోనసీమలో ఉన్నట్టే ఉంటుంది. నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చుని బోర్డులు పైకి చదువు. మధ్యాహ్నం భోజనం రెండింటికి గానీ మొదలుపెట్టరు, కాబట్టి ఇంట్లో ఇడ్లీ తిని బయల్దేరండి.

మీ పిన్ని