నీరు నల్లబడిందా లేదా, ముందు అది చూడు

తల్లీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఫ్లెయిర్ (మెదడు ఎమ్మారైలో నీటిని నల్లగా చూపించే పద్ధతి) బొమ్మలో మెదడు ముందుభాగపు మడతల సందుల్లో నీరు తెల్లగా కనబడిందనీ, రక్తస్రావమని రాయాలా వద్దా తేల్చుకోలేక రాత్రంతా నలిగిపోయాననీ రాశావు. తొందరపడి రాయనందుకు సంతోషించాను. ఎందుకో చెబుతాను.

ఎమ్మారైలోనే మరో రకమైన టీ2 బొమ్మలో నీరూ తెల్లగానే ఉంటుంది, జబ్బూ తెల్లగానే ఉంటుంది. వెంట్రికల్ (మెదడు లోపలి నీటి గది) గోడకు ఆనుకున్న చిన్న మచ్చ ఆ పక్కనున్న సీఎస్‌ఎఫ్ (మెదడు లోపలా, చుట్టూ ఉండే నీరు) తెలుపులో కలిసిపోతుంది. 1992లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం ఫ్లెయిర్‌ను వెలుగులోకి తెచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. ముందు 180 డిగ్రీల పల్స్‌తో అయస్కాంతత్వాన్ని తలకిందులు చేస్తాం. ఏ కణజాలానికి ఆ కణజాలం తన వేగంతో తేరుకుంటుంది. అందరికంటే నిదానంగా తేరుకునేది నీరు. అది సరిగ్గా సున్నా దగ్గరున్న క్షణంలో సంకేతం తీసుకుంటే బొమ్మలో నీటి వంతు ఉండదు. 1.5 టెస్లా యంత్రంలో ఈ నిరీక్షణ సుమారు 2000 నుంచి 2500 మిల్లీసెకన్లు.

అంటే ఆ నలుపు దానంతట అది వచ్చింది కాదమ్మా, మనం లెక్కగట్టి తెచ్చింది. లెక్క చెడితే నీరు మళ్ళీ తెల్లబడుతుంది, జబ్బేమీ లేకపోయినా సరే. అందుకే ఫ్లెయిర్ తెరవగానే మచ్చల కోసం వెతక్కు. వెంట్రికల్స్, మడతల సందులు, మెదడు అడుగున ఉన్న నీటి తావులు సమంగా నల్లబడ్డాయా లేదా చూసి, ఆ తర్వాతే ముందుకు వెళ్ళు.

లెక్క ఎక్కడ చెడుతుందంటే, ఒకటి లోహం. పళ్ళకు క్లిప్పులుంటే దగ్గర్లో అయస్కాంత క్షేత్రం వంకరపోయి, తలకిందులు చేసే పల్స్ అక్కడ సరిగా పనిచెయ్యదు. ఇంకొకటి ప్రవాహం. పల్స్ తగలని కొత్త నీరు ఆ స్లైసులోకి వచ్చిపడితే తెల్లగా మెరుస్తుంది. నాలుగో వెంట్రికల్‌లో, మెదడు కాండం చుట్టూ ఇది తరచూ కనిపిస్తుంది, త్రీడీ ఫ్లెయిర్‌లో చాలా తగ్గుతుంది. మూడోది నాకు జీవితాంతం గుర్తుండిపోయింది.

కొత్తగా చేరిన రోజుల్లో ఒక పసివాడి స్కాన్ చదివాను. మడతల సందులన్నీ తెల్లగా ఉన్నాయి. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) కావచ్చని రాసేశాను. వాడి వెన్నులోంచి నీరు తీశారు. నీరు తేటగా ఉంది, ఏ దోషమూ లేదు. మత్తు ఇచ్చి, ఎక్కువ గాఢతలో ఆక్సిజన్ పెట్టి స్కాన్ చేశారని నాకు ఆ తర్వాత తెలిసింది. సీఎస్‌ఎఫ్‌లోకి చేరిన ఆక్సిజన్ నీటిని తొందరగా తేరుకునేలా చేస్తుంది, మనం కట్టిన లెక్క తప్పుతుంది. మత్తు డాక్టరును ఒక్క మాట అడిగి ఉంటే ఆ బిడ్డకు సూది తప్పేది. అప్పటినుంచి, మడతల్లో తెలుపు కనబడితే ఆక్సిజన్ పెట్టారా, అంతకుముందు గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఇచ్చారా, ఈ రెండూ అడగకుండా నేను పేనా పట్టలేదు.

అలాగని ప్రతి తెలుపునూ కొట్టిపారేయకు. మెదడు పైపొర కింద రక్తం చేరినా, మెనింజైటిస్ వచ్చినా, క్యాన్సర్ పొరలకు పాకినా సందులు నిజంగానే తెల్లబడతాయి. కారణమేమిటో ఫ్లెయిర్ ఒక్కటే చెప్పలేదు. రక్తమని అనుమానముంటే సీటీ, రక్తపు జాడలు చూపే ఎమ్మారై బొమ్మ ఎస్‌డబ్ల్యూఐ పక్కన పెట్టుకో.

నీరు సరిగా నల్లబడిందని నమ్మకం కుదిరాక ఫ్లెయిర్ ఎంత చూపిస్తుందో నీకే తెలుస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) అనుమానంలో నిలువుకోత బొమ్మ తెరిచి, మెదడు రెండు సగాలను కలిపే కార్పస్ కాలోసం అడుగు అంచు వెంట చూపు నడిపించు. అక్కణ్ణుంచి పైకి లేచే వేళ్ళలాంటి మచ్చలు టీ2లో ఎన్నిసార్లు తప్పిపోయేవో! మూర్ఛ రోగిలో హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం) పొడుగుకు అడ్డంగా కోసిన కొరోనల్ బొమ్మ ఉండాలి. లేకపోతే టెక్నీషియన్‌ను మళ్ళీ తియ్యమని అడుగు, మొహమాటపడకు. కుంచించుకుపోయి తెల్లబడిన హిప్పోకాంపస్‌ను పట్టుకుంటే ఆ మనిషికి ఆపరేషన్ దారి దొరకవచ్చు.

పక్షవాతంలో ఫ్లెయిర్ ఏమీ చూపించకపోవడం కూడా ఒక సమాచారమే. డిఫ్యూజన్‌లో (నీటి కదలిక తగ్గిన చోటు మెరిసే ఎమ్మారై బొమ్మలో) తెలుపు ఉండి ఫ్లెయిర్‌లో ఇంకా లేదంటే, రక్తం ఆగి బహుశా నాలుగున్నర గంటలు దాటలేదు. పక్షవాతంతో నిద్రలేచిన మనిషికి అది ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు కదా. అలాంటివారిలో ఈ తేడాను బట్టి గడ్డ కరిగించే మందు ఇస్తే మేలు జరుగుతుందని 2018లో వచ్చిన వేకప్ ట్రయల్ చూపించింది. అలాంటి కేసు వస్తే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకు, ఫోన్ చెయ్యి.

నీటితిత్తి కనబడితే అది పూర్తిగా నల్లబడిందా చూడు. అరాక్నాయిడ్ తిత్తి సీఎస్‌ఎఫ్ లాగే నల్లబడుతుంది. ఎపిడెర్మాయిడ్ (చర్మకణాల తిత్తి) పూర్తిగా నల్లబడదు, డిఫ్యూజన్‌లో మెరుస్తుంది. చిన్నమెదడు, మెదడు కాండం దగ్గర మాత్రం టీ2నే ఎక్కువ నమ్ము. రెండేళ్ళలోపు పిల్లల్లో నరాల మీది మైలిన్ పొర ఇంకా ఏర్పడుతూ ఉంటుంది కాబట్టి అక్కడా అంతే.

పెద్దవయసువారి తెల్లపదార్థంలో చుక్కలు ఉంటూనే ఉంటాయి. ఆ చుక్కల తీవ్రతను కొలిచే ఫజెకాస్ లెక్కలో ఎంతో రాసి, వయసుకు అది ఎక్కువో కాదో కూడా రాయి. రిపోర్టును డాక్టరు కంటే ముందు ఇంటివాళ్ళు చదువుతారు. ‘అనేక మచ్చలు’ అని మాత్రమే రాస్తే వాళ్ళకు కంటిమీద కునుకుండదు.

ఇక నీ కేసు. తెలుపు ముందుభాగంలోనే ఉంది, వెనక సందులు నల్లగానే ఉన్నాయంటున్నావు. నోట్లో లోహం ఉందేమో ముందు కనుక్కో. పక్కనున్న డిఫ్యూజన్ బొమ్మ కూడా అక్కడే వంకరపోయిందా చూడు. రెండూ కాకపోతే ఎస్‌డబ్ల్యూఐ తెరువు, అప్పుడు ఇంటికి ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా పరవాలేదు, లేచే ఉంటాను.

నీ పెదనాన్న