అగ్నిమాపక సిబ్బంది కలిసి పుస్తకాలు చదివితే నాయకత్వం ఎలా అలవడుతుంది?

అమెరికాలో అడవి మంటలను అదుపు చేసే దళాలకు నాయకత్వ శిక్షణలో భాగంగా పుస్తక పఠనాన్ని కూడా ప్రోత్సహిస్తారు. ఎందుకో తెలియాలంటే మాన్ గల్చ్ ఘటన చూడాలి. 1949 ఆగస్టు 5న మోంటానాలోని ఆ లోయలో మంట తరుముకొస్తుండగా, దళనాయకుడు వాగ్నర్ డాడ్జ్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, కాలిన నేలపై పడుకొని ప్రాణం దక్కించుకున్నాడు. అందులోకి రమ్మని ఆయన పిలిచినా, ఆ పని అంతరార్థం బోధపడని మిగతావారు కొండపైకి పరుగెత్తారు. ఇద్దరు బయటపడగా 13 మంది మరణించారు. దీనిపై నార్మన్ మెక్లీన్ రాసిన పుస్తకం 1992లో వెలువడింది.

ఇలాంటి వృత్తాంతాన్ని ఒంటరిగా చదివితే సమాచారం మాత్రమే మిగులుతుంది. అదే దళమంతా చదివి, "మన నాయకుడు ఇలా చేస్తే మనం నమ్ముతామా?" అని చర్చించుకుంటే, ఒకరి ఆలోచనా సరళి మరొకరికి మంట ఎదురుకాకముందే తెలుస్తుంది. మనోస్థైర్యం విషయంలోనూ ఇదే దారి: తన భయాన్ని నేరుగా చెప్పుకోలేని వ్యక్తి, పుస్తకంలోని మనిషి భయం గురించి మాట్లాడగలడు. చర్చలో కొత్తగా చేరినవారిని ముందు మాట్లాడనివ్వడం మేలు, ఎందుకంటే అధికారి అభిప్రాయం ముందే వెలువడితే మిగతావారు తలూపి ఊరుకుంటారు. పఠనాన్ని హాజరు పట్టీకి ముడిపెట్టడం మాత్రం, నా దృష్టిలో, శుద్ధ దండగ.