భారతదేశంలో కేంద్ర, రాష్ట్రాల మధ్య అధికార సమతుల్యత నిజంగా ఉందా?

లేదనే నా దృఢమైన అభిప్రాయం. ఏ విషయం కేంద్రానిది, ఏది రాష్ట్రాలది, ఏది ఇద్దరిదీ అని చెప్పే రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని మూడు జాబితాలను మాత్రమే చూసి అధికారం ఎవరికి ఎంత ఉందో తేల్చేవారు, డబ్బు ఎవరి చేతి మీదుగా, ఏ షరతులతో, ఏ నెలలో వస్తుందో కూడా చూడాలి. తెలంగాణలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ పొందిన నేను ఈ సంగతిని మా బడి ఖాతాలోనే చూశాను.

విద్య ఒకప్పుడు రాష్ట్ర జాబితాలో ఉండేది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో చేసిన 42వ సవరణ దానిని ఉమ్మడి జాబితాకు మార్చింది. ఆనాటి మార్పులలో అనేకం 1978 నాటి 44వ సవరణతో రద్దయినా, విద్య మాత్రం రాష్ట్రాలకు తిరిగి రాలేదు. 2018లో మొదలైన సమగ్ర శిక్ష అనే కేంద్ర పాఠశాల విద్యా పథకంలో, తెలంగాణ వంటి రాష్ట్రాలలో ఖర్చును కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. 100కు పైబడి 250 వరకు పిల్లలున్న బడికి ఏడాదికి రూ. 50,000 గ్రాంటు వస్తుంది. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి వెచ్చించాలన్నది కూడా ఢిల్లీలో రాసిన నియమమే.

ఒక వానాకాలం మా తొమ్మిదో తరగతి గది కురవడం మొదలైంది. గ్రాంటు వస్తుందన్న నమ్మకంతో సిమెంటు అరువు తెచ్చి, మేస్త్రీని పిలిపించి మరమ్మతు చేయించాం. జిల్లా కార్యాలయాన్ని అడిగితే రాష్ట్ర వాటా రాలేదన్నారు. పైవారు కేంద్రం వాయిదా విడుదల కాలేదన్నారు. కేంద్రానికేమో నిరుటి యూసీలు, అంటే డబ్బు ఖర్చు చేసినట్టు చూపే వినియోగ ధ్రువపత్రాలు అందలేదట. ముగ్గురి దగ్గరా కాగితం సరిగానే ఉంది, డబ్బు మాత్రం లేదు. చివరకు మార్చి ఆఖరి వారంలో, పదో తరగతి పరీక్షలు జరుగుతుండగా, జీరో బ్యాలెన్స్ ఖాతాలో లిమిట్ పెట్టామని, 31లోగా వాడుకోవాలని సందేశం వచ్చింది. 2021లో వచ్చిన ఈ పద్ధతిలో డబ్బు బడి ఖాతాలోకి రాదు. ఖర్చు చేయదగిన పరిమితి మాత్రమే తెర మీద కనిపిస్తుంది. పగలంతా పరీక్ష నిర్వహించి, జవాబు పత్రాల కట్టలు పంపించి, రాత్రి నేనూ ఇద్దరు ఉపాధ్యాయులూ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. దుకాణదారు వివరాలు నమోదు కాకముందే సైటు ఆగిపోయింది. మర్నాటికి పరిమితి సున్నా అయింది. సిమెంటు బాకీని ఉపాధ్యాయులం తలా కొంత వేసుకొని తీర్చాం. ఆ గ్రాంటు కింద మేము పంపిన ఫొటోలకు, నివేదికలకు పట్టిన సమయాన్ని పిల్లలకు పాఠం చెప్పడానికి వాడి ఉంటే ఎంతో మేలు జరిగేది.

ఆ డబ్బు మూలం తెలిస్తే బాధ ఇంకా పెరుగుతుంది. ఆదాయపు పన్నుపై 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సును, అంటే ఆ పనుల కోసమని వేసే అదనపు పన్నును, దేశమంతటి నుంచి వసూలు చేస్తారు. కానీ రాజ్యాంగం 270వ అధికరణం ప్రకారం సెస్సులను, పన్నుపై పన్నుగా వేసే సర్‌ఛార్జీలను రాష్ట్రాలతో పంచుకోనవసరం లేదు. పన్నుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నులలో రాష్ట్రాలకు 41 శాతం వాటా సిఫార్సు చేసినా, అది సెస్సులు పోగా మిగిలిన నిధికే వర్తించింది. అంటే మన పన్నే మనకు షరతులతో తిరిగి వస్తుంది. దానికి రాష్ట్రం మరో 40 శాతం జోడించాలి. జాతీయ విద్యా విధానాన్ని పూర్తిగా అమలు చేస్తామన్న పీఎం శ్రీ (ఎంపిక చేసిన బడులను తీర్చిదిద్దే కేంద్ర పథకం) ఒప్పందంపై సంతకం చేయనందుకు తమిళనాడుకు 2024-25 సమగ్ర శిక్ష నిధులు ఆగిపోగా, ఆ రాష్ట్రం 2025లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఉమ్మడి జాబితాలోని విషయంపై ఒక పక్షం ఇలా మరో పక్షం మెడలు వంచగలిగితే, దానిని సమతుల్యత అని నేను అనలేను.

షరతులు లేకుండా ఇస్తే రాష్ట్రాలు దారి మళ్లిస్తాయని కొందరు వాదిస్తారు. పంచాయతీల నిధుల విషయంలో రాష్ట్రాలు కూడా ఇదే పెత్తనం చేస్తున్నాయి, దానినీ నేను అంతే గట్టిగా వ్యతిరేకిస్తాను. అయినా సెస్సును రాష్ట్రాలతో పంచుకునే పన్నుల నిధిలో కలిపి, బడి గ్రాంటును జూన్‌లోనే ఇవ్వాలనే కోరతాను. రాష్ట్రం తప్పు చేస్తే మా ఊరి తల్లిదండ్రులు తమ శాసనసభ్యుడిని ఇంటికి వెళ్లి నిలదీయగలరు. ఢిల్లీలో నిబంధన రాసిన అధికారి ఎవరో వారికి తెలిసే దారే లేదు.