మూడు వేల రూపాయల్లో మంచి ఇయర్‌ఫోన్లు

ప్రశ్న: నేను బడిలో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు వయొలిన్ నేర్చుకుంటున్నాను. కచేరీ రికార్డింగులు వినడానికి ఇయర్‌ఫోన్లు కావాలి. మూడు వేలకు మించి పెట్టలేను. నా ఫోనుకు హెడ్‌ఫోను పెట్టుకునే రంధ్రం లేదు. దుకాణంలో ‘బాస్ బాగుంటుంది’ అంటూ బ్లూటూత్ రకాలే చూపిస్తున్నారు. ఏది కొనమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: వయొలిన్ వినేవారికి బాస్ అమ్మజూపుతున్నారా! మాస్టారూ, మీరు వైరు ఉన్నవే కొనండి. బ్లూటూత్ వాటిలో మీ డబ్బు బ్యాటరీకి, చిప్పుకు, ఛార్జింగ్ డబ్బాకు పోగా మిగిలిందే శబ్దానికి దక్కుతుంది. పైగా ఆ చిన్న బ్యాటరీలు కొన్నేళ్లకు నీరసిస్తాయి, మార్చడం దాదాపు కుదరదు.

సెవెన్‌హెర్ట్జ్ జీరో, మూన్‌డ్రాప్ చూ 2 అనే రెండు రకాలను నేను ధైర్యంగా చెబుతాను. రెండింటిలోనూ డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే భాగం, 10 మిల్లీమీటర్లదే. రెండింటికీ వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. ఇయర్‌ఫోన్లలో ముందుగా పాడయ్యేది వైరే కనుక ఇది చిన్న సదుపాయం కాదు. మూన్‌డ్రాప్ ‘చూ’ తొలి రకానికి ఈ వీలు లేదు, పాత సరుకు అంటగడతారేమో చూసుకోండి. ఫోనుకు తగిలించడానికి టైప్-సి అడాప్టర్ కావాలి. లోపల డీఏసీ (ఫోనులోని డిజిటల్ సంకేతాన్ని ఇయర్‌ఫోను పలికే సంకేతంగా మార్చే చిప్పు) ఉన్నదే అడగండి. అది లేని చవక అడాప్టర్లు చాలా ఫోన్లలో మూగబోతాయి.

ఇక అసలు పని. పెట్టెలో వచ్చే రబ్బరు టిప్పులు అన్ని సైజులవీ పెట్టి చూడండి. రెండు చెవులకు వేర్వేరు సైజులు పట్టినా ఆశ్చర్యపోకండి. మృదంగం వింటూ ఇయర్‌ఫోనును వేలితో మెల్లగా లోపలికి అదమండి. తొప్పి (మృదంగం ఎడమ వైపు) నాదం ఒక్కసారిగా పెరిగితే టిప్పు సరిగా కూర్చోలేదన్నమాట. ఇంకో సైజు మార్చండి. చెవికీ టిప్పుకూ సందు ఉంటే ఎంత ఖరీదైనదైనా పలచగానే వినిపిస్తుంది. బాస్ లేదని తిట్టుకుంటూ తిరిగి ఇచ్చేసేవారిలో చాలామందికి కావలసింది సరైన టిప్పే.

డబ్బింగ్ థియేటరులో పనిచేసిన రోజుల్లో కొత్త హెడ్‌ఫోను వస్తే మేము ముందు పాట వినేవాళ్లం కాదు, మనిషి మాట వినేవాళ్లం. మీరూ రేడియో వార్తలతో మొదలుపెట్టండి. ‘స’, ‘ష’ దగ్గర చెవిలో సూది గుచ్చినట్టుంటే పక్కన పెట్టేయండి. గొంతు కుండలోంచి వస్తున్నట్టున్నా అంతే. ఆ తర్వాత మీకు కంఠతా వచ్చిన కచేరీ పెట్టండి. తొప్పి మోగినప్పుడు వయొలిన్ మంద్ర స్వరం మరుగున పడకూడదు, తనియావర్తనంలో (మృదంగం ఒక్కటే మోగే ఘట్టంలో) వలంతల, అంటే కుడి వైపు, దెబ్బలు దేనికది విడిగా వినపడాలి. రెండు రకాలను పోల్చేటప్పుడు శబ్దం స్థాయి సమానంగా ఉంచండి. కాస్త గట్టిగా మోగేదే మనకు మెరుగ్గా తోస్తుంది, అమ్మేవారికి ఈ సంగతి బాగా తెలుసు.

పెట్టె మీద ‘హై-రెస్’ బంగారు చీటీకి అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. 40 కిలోహెర్ట్జ్ వరకు పలుకుతుందని దాని గొప్ప. మనిషి చెవి హద్దు 20. నడి వయసు దాటినవారికి అదీ ఉండదు.

ప్రశ్న: నా బ్లూటూత్ హెడ్‌ఫోనులో పాటలు బాగుంటాయి. కంప్యూటరులో ఆన్‌లైన్ మీటింగు మొదలవగానే శబ్దం పాత టెలిఫోనులా మారిపోతుంది. చెడిపోయిందా?
– గృహిణి, వరంగల్

జవాబు: చెడిపోలేదమ్మా. హెడ్‌ఫోను మైకు పనిలోకి రాగానే సాధారణ బ్లూటూత్ నాణ్యమైన పాటల పద్ధతి వదిలి, మాటల కోసం ఉన్న ఇరుకు పద్ధతికి మారుతుంది. సెట్టింగులలో మైకుగా కంప్యూటరులో ఉన్నదాన్నే ఎంచుకోండి, హెడ్‌ఫోనును వినడానికే ఉంచండి.

ప్రశ్న: మామయ్య తన పాత స్టూడియో హెడ్‌ఫోను ఇచ్చారు. దాని మీద 250 ఓమ్‌లు అని ఉంది. ఫోనులో ఎంత పెంచినా శబ్దం చాలడం లేదు.
– ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు

జవాబు: మంచి వస్తువే దొరికింది బాబూ, అమ్మేయకు. అన్ని ఓమ్‌లంటే సరిపడా వోల్టేజీ కావాలి, మామూలు ఫోను అంత ఇవ్వలేదు. ఫోనుతో నేరుగా వినడానికి 16 నుంచి 32 ఓమ్‌లవి అనుకూలం. హెడ్‌ఫోను ఆంప్లిఫయర్ కొనే వీలు కలిగేదాకా దాన్ని దాచుకో. ఈలోగా మాస్టారికి చెప్పినవే నీకూ సరిపోతాయి.