పాఠం ఆగిన చోటు పంచుకోండి

ప్రశ్న: మాది ములుగు జిల్లాలో గోదావరి పక్కన హైస్కూలు. ఫిజికల్ సైన్స్ చెప్పేది నేనొక్కదాన్నే. జిల్లా వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్లు, పుట్టినరోజు శుభాకాంక్షలే ఎక్కువ. కష్టపడి చేసిన వర్క్‌షీట్ అందులో పెడితే, వారం తిరక్కుండానే నా పేరు లేకుండా వేరే గ్రూపుల్లో కనిపించింది. సిగ్నల్ కూడా అంతంతమాత్రం. ఆన్‌లైన్‌లో తోటి టీచర్లతో కలిసి పనిచేయడం నిజంగా కుదురుతుందా మేడం?

జవాబు: కుదురుతుందమ్మా, కానీ ఆ పెద్ద గ్రూపులో కాదు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు. అంతమంది ముందు "ఈ పాఠం నా పిల్లలకు ఎక్కలేదు" అని ఎవరు రాస్తారు? నేనూ రాసేదాన్ని కాదు.

కరోనా తర్వాత బడులు తెరిచిన కొత్తలో హన్మకొండ నుంచి నేను, పరకాల, నర్సంపేట, భూపాలపల్లి నుంచి మరో ముగ్గురు ఒక గూగుల్ డాక్ (అందరూ ఎవరి ఫోన్ నుంచి వాళ్లు రాయగలిగే ఆన్‌లైన్ ఫైలు) తెరిచాం. వస్తువులు తేలడం, మునగడం గురించిన పాఠం పెట్టుకున్నాం. మొదటి పది రోజులు దండగే. ఎవరి లెసన్ ప్లాన్ వాళ్లం నీటుగా టైప్ చేసి పెట్టాం, పక్కవాళ్లది ఎవరమూ చదవలేదు.

ఒకరోజు పరకాల మేడం నాలుగే వాక్యాలు రాశారు. రామప్ప గోపురం ఇటుకలు నీళ్లలో ఎందుకు తేలుతాయంటే క్లాసంతా "తేలికగుంటయి గనుక" అన్నదట. మరి అంత బరువున్న టేకు దుంగ తేలి, చిన్న ఇనుప మేకు ఎందుకు మునుగుతుందంటే ఎవరూ నోరు మెదపలేదట. "ఇక్కడ ఆగిపోయాను" అని రాసి వదిలేశారు. ఆ రాత్రే ముగ్గురం జవాబు రాశాం. ఒకే సైజు అగ్గిపెట్టెల్లో ఇసుక, ఊక, ఇనుప రజను నింపి తూకం వేయించమన్నారు నర్సంపేట సారు. అప్పుడు పిల్లలు ఉత్త బరువు వదిలేసి "ఒకే జాగాలో ఎంత బరువు పట్టింది" అనే మాటకొస్తారు. సాంద్రత అనే పదం ఆ తర్వాతే చెప్పాలి. భూపాలపల్లి మేడం మర్నాడే చేయించారు. ఊక గట్టిగా కుక్కితే పెట్టె అంతే ఉండి బరువెందుకు పెరిగిందని ఒక పిల్లవాడు అడిగాడట. ఇటుక సంగతి అక్కడ విడిపోయింది: లోపల సన్నటి ఖాళీలు ఎక్కువ కాబట్టే దాని సాంద్రత నీటికంటే తక్కువ.

టీచర్లకు, పిల్లలకు పాఠాల వీడియోలిచ్చే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష 2017 నుంచి ఉంది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అందులో వీడియోలు నేనూ చాలా చూపించాను. కానీ మీ క్లాసు ఏ ప్రశ్న దగ్గర ఆగిందో దానికెలా తెలుస్తుంది?

మీ పేరు తీసేయడం తప్పే, మీ బాధ న్యాయమైనది. డాక్‌లో మార్చే హక్కు మీతో కలిసి రాసేవాళ్లకే ఇవ్వండి. ఎవరు ఎప్పుడు ఏం రాశారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. బయటికి పంపేది పీడీఎఫ్ చేసి, ప్రతి పేజీ కింద పేర్లు వేయండి. పిల్లల ఫోటోలు, మార్కులు మాత్రం అందులో పెట్టొద్దు.

సిగ్నల్ గురించి టెన్షన్ వద్దు. డాక్స్ యాప్‌లో ఆ ఫైలును ఆఫ్‌లైన్‌లో ఉంచుకుంటే, బడిలో రాసింది నెట్ అందగానే అందరికీ చేరుతుంది.

వచ్చే కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశంలో) ముఖపరిచయం ఉన్న ఇద్దరిని అడగండి. లింకు పంపి ఊరుకోకుండా ఫోన్ చేయండి. డాక్‌లో మొదటి మాట మీదే కావాలి, అదీ ఈ వారం మీరు ఆగిపోయిన చోటు గురించే.